కొత్త మొక్కకు పేరు పెట్టే పత్రం: ముందు టైపు నమూనా, ఆ తర్వాతే పత్రిక

ప్రశ్న సారాంశం: శేషాచలం అంచున మేకల కాపరులు తవ్వుకుని తినే ఒక చిన్న గడ్డ మొక్క దొరికిందనీ, అది బ్రాకీస్టెల్మా ప్రజాతికి చెందిన, ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అని మీ నమ్మకమనీ రాశారు. పద్నాలుగు పేజీల పత్రం సిద్ధం చేసి ఒక విదేశీ పత్రికకు పంపితే, సమీక్షకులకు కూడా చూపకుండా "టైపు విషయం స్పష్టంగా లేదు, పోలిక చాలదు" అని రెండు ముక్కల్లో తిప్పి పంపారనీ, ఏం సరిచేయాలో, ఎక్కడికి పంపాలో చెప్పమనీ అడిగారు.

సమాధానం:

మీరు పంపిన రాతప్రతిని రెండుసార్లు చదివాను. అందులో ఇంగ్లీషు బాగానే ఉంది. భాష వల్లే తిప్పి పంపారన్న మీ అనుమానాన్ని వదిలేయండి. తూర్పు కనుమల భూగర్భ నిర్మాణం, వర్షపాతం, అక్కడి స్థానిక జాతుల గురించి నాలుగు పేజీలు రాసి, అసలు మొక్కకు ఒకటిన్నర పేజీ కేటాయించడం మాత్రం అసలు కంటే కొసరు ఎక్కువైనట్టుంది. ఇలాంటి పత్రం నా దగ్గరకు సమీక్షకు వస్తే నేను మొదట చదివేది ఉపోద్ఘాతం కాదు, టైపు పేరా, అంటే కొత్త పేరుకు శాశ్వత ఆధారంగా ఏ నమూనాను నిలిపారో చెప్పే పేరా. అది సరిగా ఉంటేనే పోలిక పట్టికకు వెళతాను. మీ సంపాదకుడు కూడా అదే చేసి ఉంటారు, ఆ రెండు చోట్లా ఆయనకు చిక్కు కనిపించింది. అందువల్ల నా సమాధానంలో ఎక్కువ భాగం ఈ రెండింటి గురించే ఉంటుంది.

మీ పత్రంలో హోలోటైపు (రచయిత టైపుగా ఎంచుకున్న ఒకే ఒక్క నమూనా) కింద జూన్ 11న పూలతో సేకరించిన మొక్కను, ఆగస్టు 20న కాయలతో సేకరించిన మొక్కను ఒకే సేకరణ సంఖ్య కింద చూపారు. మొక్క ఒకే చోటిది, జాతి ఒక్కటే కాబట్టి రెండూ కలిస్తే సంపూర్ణంగా ఉంటుందని మీరు భావించడం సహజమే. కానీ అంతర్జాతీయ వృక్ష నామకరణ నియమావళి ప్రకారం ఒక నమూనా అంటే ఒకే సమయంలో జరిపిన ఒకే సేకరణ, లేదా అందులో ఒక భాగం. 1958 జనవరి 1 తర్వాత ప్రచురించే కొత్త జాతికి టైపుగా ఒకే ఒక్క నమూనాను లేదా ఒకే ఒక్క సేకరణను చూపాలని 40వ అధికరణం చెబుతుంది. రెండు తేదీలంటే రెండు సేకరణలు. పత్రిక ఈ తప్పును పట్టుకోకుండా అచ్చువేసి ఉంటే, మీ వర్ణన ఎంత చక్కగా ఉన్నా ఆ పేరు చెల్లుబాటు అయ్యేది కాదు. నియమావళి దృష్టిలో అసలు పేరే పెట్టనట్టు లెక్క.

ఈ మాట నేను పుస్తకం చదివి మాత్రమే చెప్పడం లేదు. నా మొదటి పత్రంలో సరిగ్గా ఇదే పొరపాటు చేశాను. పూల కొమ్మ, కాయల కొమ్మ ఒకే షీటు మీద అందంగా అతికించి, దానికే హోలోటైపు అని చీటీ రాశాను. పత్రం అచ్చయింది, ఊళ్లో అభినందనలు కూడా అందుకున్నాను. ఏడాదిన్నర తర్వాత ఒక విదేశీ వృక్షశాస్త్రజ్ఞుడు మర్యాదగా ఉత్తరం రాసి, ఆ పేరు చెల్లదని తెలియజేశాడు. ఒకే సేకరణను టైపుగా చూపి అదే పేరును మరో చిన్న పత్రంలో తిరిగి ప్రచురించాల్సి వచ్చింది, పేరుకు ప్రాధాన్యం కూడా ఆ రెండవ తేదీ నుంచే వచ్చింది. తప్పు నాది తప్ప ఇంకెవరిదీ కాదు.

మీకు పరిష్కారం సులువుగానే ఉంది. జూన్ సేకరణను హోలోటైపుగా ఉంచండి, ఎందుకంటే ఈ ప్రజాతిలో జాతులను విడదీసేది పువ్వే. ఆగస్టు సేకరణకు వేరే సంఖ్య ఇచ్చి పారాటైపుగా, అంటే టైపు కాకుండా పత్రంలో ఉదహరించే అదనపు నమూనాగా చూపండి. జూన్‌లోనే తీసి ఆల్కహాల్‌లో భద్రపరిచిన పూల సీసా మీ దగ్గర ఉందన్నారు. అది హోలోటైపులో భాగమే కావచ్చు, అయితే అందుకు షీటు మీద సీసా గురించి, సీసా మీద షీటు గురించి పరస్పరం కనిపించేలా చీటీలు ఉండాలి. ఆ చీటీ లేకపోతే పదేళ్ల తర్వాత సీసా ఒక అలమరలో, షీటు మరో అలమరలో అనాథలవుతాయి. ఎండబెట్టిన బ్రాకీస్టెల్మా పువ్వులో మిగిలేది ముడతలు పడిన నల్లటి పొర మాత్రమే గనుక, మీ సీసాకు షీటుతో సమానమైన విలువ ఉంది.

హోలోటైపు "మా కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో ఉంది" అని రాశారు. 1990 జనవరి 1 నుంచి టైపు ఏ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల భాండాగారంలో) ఉందో పత్రంలో పేర్కొనడం తప్పనిసరి. ఆ హెర్బేరియం న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ నిర్వహించే ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో సంకేతాక్షరాలతో నమోదై ఉంటేనే పత్రికలు ఒప్పుకుంటాయి. నాఫ్తలీన్ గోళీలు వేసిన బీరువా ఎంత భద్రమైనదైనా, మీ విభాగాధిపతి మారిన రోజున దాని గతి ఏమిటో ఎవరూ చెప్పలేరు. హోలోటైపును హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో ఇచ్చి, ఐసోటైపులను, అంటే అదే సేకరణలోని మిగతా ప్రతులను, కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియానికి, హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి ఇవ్వడం మన ప్రాంతపు పరిశోధకులకు అనుకూలమైన పద్ధతి. ఇది కేవలం మర్యాద కాదు. కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతి నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి, నమూనాలను అక్కడ జమ చేయాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ చోట ఉన్నవే ముప్పై మొక్కలని మీరే రాశారు కాబట్టి, మరిన్ని నమూనాల కోసం గడ్డలన్నీ తవ్వకండి. పూర్తి మొక్క ఒకటి, నేలమట్టానికి కోసిన కొమ్మలు రెండు చాలు. నమూనాలను ముందుగా జమచేసి, హెర్బేరియం వారి ప్రవేశ సంఖ్యలు వచ్చిన తర్వాతే పత్రం పంపండి. "జమ చేయబోతున్నాము" అని రాసిన వాక్యాన్ని ఏ సంపాదకుడూ నమ్మడు.

ఇక పోలిక గురించి. మీరు మీ మొక్కను ఒకే ఒక్క జాతితో, అదీ ఒక వెబ్‌సైటులోని ఛాయాచిత్రంతో పోల్చారు. రంగులో తేడా, ఆకు మీద నూగులో తేడా చూపి కొత్త జాతి అన్నారు. మన కొండల్లో ఒకే వాలు మీద, ఒకే జాతిలో, నీడలో పెరిగిన మొక్కకు నున్నటి ఆకులు, ఎండలో పెరిగినదానికి నూగు ఆకులు ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఒక్క లక్షణం మీద, అందులోనూ రంగు మీద నిలబడిన జాతి ఎక్కువ కాలం నిలవదు. ఈ ప్రజాతిలో చూడవలసింది పువ్వు మధ్యలో ఉండే, కరోనా అనబడే మకుటం. బయటి వలయపు తమ్మెలు చీలి ఉన్నాయా, లోపలి తమ్మెలు పరాగకోశాల మీదుగా వంగి ఉన్నాయా, ఎంత పొడవు, అంచున రోమాలు ఉన్నాయా, పొలీనియా (పుప్పొడి ముద్దల) ఆకారం ఏమిటి అన్నవి సూక్ష్మదర్శిని కింద చూసి కొలిచి బొమ్మ గీయాలి. కనీసం పది మొక్కల్లో కొలవండి. తాజా పువ్వు కొలతలను ఎండిన పువ్వు కొలతలతో కలిపి ఒకే వరుసలో రాయవద్దు. ఎండితే ఎంతో కొంత కుంచించుకుపోతాయి, ఆ కుంచింపే మీకు కొత్త లక్షణంగా కనిపించే ప్రమాదం ఉంది.

మరి దేనితో పోల్చాలి? భారతదేశంలోను, శ్రీలంకలోను ఆ ప్రజాతిలో ఇంతవరకు ప్రచురితమైన పేర్లన్నీ, పర్యాయపదాలుగా పక్కన పడేసిన వాటితో సహా, ఇంటర్నేషనల్ ప్లాంట్ నేమ్స్ ఇండెక్స్ నుంచి ఒక పట్టికగా తీసుకోండి. ప్రతి పేరుకూ మొట్టమొదటి వర్ణనను, అంటే ప్రోటోలాగ్‌ను చదవండి. పాతవి చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. టైపు షీట్ల చిత్రాలు జేస్టోర్ గ్లోబల్ ప్లాంట్స్‌లోను, లండన్‌లోని క్యూ ఉద్యానం వంటి సంస్థల సొంత వెబ్‌సైట్లలోను ఉంటాయి. అవన్నీ చూశాక కోయంబత్తూరు వెళ్లి, అక్కడి షీట్ల ముందు నాలుగు రోజులు కూర్చోండి. రైలు ఖర్చు, నాలుగు పూటల సాంబారు అన్నం తప్ప పెద్దగా ఖర్చేమీ ఉండదు. ముందుగా అనుమతి కోరుతూ ఉత్తరం మాత్రం రాయాలి. నా అనుభవంలో "కొత్త జాతి" అని తీసుకొచ్చిన పదింటిలో సగానికి పైగా హెర్బేరియం అలమరలోనే పాత పేరుతో దొరికాయి. అది నిరాశ కలిగించే విషయమే అయినా, అచ్చయ్యాక తెలియడం కంటే అలమర ముందు తెలియడం నయం.

పాత పేర్ల విషయంలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి మన మొక్కలను బొమ్మలు గీయించి వర్ణించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి వెలువడింది. ఆయన పెట్టిన పేర్లలో కొన్నింటికి నమూనా దొరకదు, బొమ్మే ఆధారం, అందువల్ల ఆ బొమ్మనే లెక్టోటైపుగా, అంటే హోలోటైపు లేని పాత పేరుకు తర్వాతివారు ఎంచే టైపుగా, ఎంపిక చేయవలసి వస్తుంది. మన సోమిద చెట్టునే తీసుకోండి. రాక్స్‌బర్గ్ దానిని స్వీటీనియా ఫెబ్రిఫ్యూజా అన్నాడు. తర్వాత జుస్సియు దానిని వేరు ప్రజాతి చేసి, తెలుగు పేరునే లాటిన్‌లోకి తీసుకుని సొయ్‌మిడా అన్నాడు. ఈనాడు ఆ పేరు వెనుక రాక్స్‌బర్గ్ కుండలీకరణాల్లోను, జుస్సియు వాటి బయటా కనిపించడానికి కారణం అదే. మీ మొక్క కుటుంబంలో అయితే వైట్, ఆర్నాట్‌లు 1834లో ప్రచురించిన వర్ణనలను దాటవేయవద్దు. మీ పని జరిగేటప్పుడు ఏదైనా పాత పేరుకు మీరే లెక్టోటైపు ఎంచుకుంటే, "ఇక్కడ నిర్దేశించడమైనది" అన్న అర్థం వచ్చే మాటలు పత్రంలో తప్పక ఉండాలి. 2001 నుంచి ఆ మాటలు లేకపోతే ఎంపిక చెల్లదు.

మీ మొక్కకు ప్రజాతి విషయంలోనే ఒక చిక్కు ఉంది, దాన్ని మీరు ప్రస్తావించలేదు. డీఎన్ఏ ఆధారాలను బట్టి బ్రాకీస్టెల్మాను దాని దగ్గరి ప్రజాతి సెరోపీజియాలో కలిపివేయాలని 2017లో బ్రూయెన్స్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు విడిగానే ఉంచుతున్నారు. మీరు ఎటైనా నిలబడవచ్చు, కానీ ఎటు నిలబడ్డారో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాలి. మీరు ఎంచుకున్న జాతి పదం (ప్రజాతి పేరు తర్వాత వచ్చే రెండో మాట) రెండు ప్రజాతుల్లోనూ ఇంతకుముందు వాడలేదని కూడా చూసుకోవాలి. లేకపోతే రేపు ఎవరైనా మీ జాతిని సెరోపీజియాకు మార్చినప్పుడు ఆ పదం పనికిరాక, కొత్త పదం పెట్టే అవకాశం వారి చేతికి వెళుతుంది. ఇంకో చిన్న సవరణ: కుటుంబం అస్క్లిపియడేసీ అని రాశారు. మన హెర్బేరియాల్లో అలమరలు ఇప్పటికీ బెంథామ్, హుకర్ల పాత వర్గీకరణ క్రమంలో ఉంటాయి కాబట్టి అలవాటుగా వచ్చి ఉంటుంది. ఇప్పుడు అది అపోసైనేసీలో భాగం.

పేరు గురించి అడిగారు. బ్రాకీస్టెల్మా నపుంసకలింగం, అందుకని ఆ చోటి పేరు మీద పెడితే "శేషాచలమెన్సే" అవుతుంది. సెరోపీజియా స్త్రీలింగం కాబట్టి అక్కడ "శేషాచలమెన్సిస్" అవుతుంది. మీ గురువు గారి పేరు మీద పెట్టదలచుకుంటే తెలుగు పేర్లకు వ్యాకరణం తరచు తప్పుతుంది. రావు అయితే "రావొయి" అనే తీరులో చివర ఒక్క ఐ అక్షరం చేరుతుంది, రెడ్డి అయితే "రెడ్డియి". ప్రసాద్ వంటి హల్లుతో ముగిసే పేరుకు రెండు ఐలు చేరి "ప్రసాదియి" అవుతుంది. కృష్ణ, వేమన వంటి అకారాంతమైన పేర్లు పురుషులవైనా సరే స్త్రీలింగంలా కనిపించే రూపమే తీసుకుని "కృష్ణే", "వేమనే" అని పలుకుతాయి. దాన్ని చూసి ఒక సమీక్షకుడు తప్పు అని గీత గీశాడు. నియమావళి చూపితే వెనక్కు తీసుకున్నాడు. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించదు, కానీ లోకం నవ్వుతుంది.

వర్ణన, డయాగ్నసిస్ రెండూ ఒకటి కావు. మొక్క మొత్తం ఎలా ఉందో చెప్పేది వర్ణన. దగ్గరి జాతి నుంచి ఏ లక్షణాలతో వేరవుతోందో మూడు నాలుగు వరుసల్లో చెప్పేది డయాగ్నసిస్. చెల్లుబాటుకు రెండింటిలో ఒకటి చాలు, కానీ మంచి పత్రంలో రెండూ ఉంటాయి. 1935 నుంచి 2011 చివరి దాకా అది లాటిన్‌లో ఉండాల్సి వచ్చేది; 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో ఉన్నా సరిపోతుంది. మీరు ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన లాటిన్ పేరాలో విభక్తులు సరిగా లేవు, తీసేయండి. తెలుగులో కూడా వర్ణన ఇవ్వాలన్న మీ ఆలోచన నాకు నచ్చింది. అనుబంధంగా ఇవ్వవచ్చు, కానీ నియమావళికి లాటిన్ లేదా ఇంగ్లీషు మాత్రమే లెక్క.

స్థలం రాసేటప్పుడు జిల్లాల పేర్లతో జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుమల కొండ పాత చీటీల మీద చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. బ్రిటిష్ వారి చీటీల మీద "కడప కొండలు" అని ఉంటే అది ఈనాటి కడప జిల్లాయే కానవసరం లేదు. చీటీ మీద ఉన్నది ఉన్నట్టు ఉటంకించి, ఇప్పటి జిల్లాను చదరపు కుండలీకరణాల్లో ఇవ్వండి. అక్షాంశ రేఖాంశాలను మాత్రం సెకన్ల దాకా అచ్చువేయవద్దు. గడ్డ మొక్కలు, ఆర్కిడ్‌లు సేకరించి అమ్ముకునేవారు పత్రాలు మనకంటే శ్రద్ధగా చదువుతారు. పూర్తి వివరం హెర్బేరియం చీటీ మీద ఉంటే చాలు. అటవీ శాఖ అనుమతి పత్రం సంఖ్యను కృతజ్ఞతల్లో రాయండి. శేషాచలం 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కాబట్టి సంపాదకులు అడుగుతారు.

మీ పత్రంలో "విపత్కర స్థితిలో ఉన్న జాతి" (క్రిటికల్లీ ఎండేంజర్డ్) అని ఒక వాక్యంలో తేల్చేశారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రమాణాల్లో బి ప్రమాణం కింద ఆ వర్గానికి చేర్చాలంటే విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల కంటే, లేదా ఆక్రమించిన ప్రదేశం 10 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ ఉంటే సరిపోదు. దానితోపాటు నివాస ప్రదేశాల సంఖ్య, కొనసాగుతున్న క్షీణత, తీవ్రమైన హెచ్చుతగ్గులు అనే మూడింటిలో రెండైనా చూపాలి. డి ప్రమాణం కిందైతే ఎదిగిన మొక్కలు 50 కంటే తక్కువ ఉండాలి. ఒక్క వాలు మాత్రమే వెతికి ముప్పై మొక్కలు లెక్కపెట్టాం అంటే, మిగతా కొండ వెతకలేదని అర్థం. ఇంకో రెండు వర్షాకాలాలు తిరిగే దాకా "సమాచారం చాలదు" అనే వర్గమే నిజాయితీ అయినది.

బొమ్మల మీద ఎక్కువ చెప్పను. రేఖాచిత్రం తప్పనిసరి, ఛాయాచిత్రం దానికి బదులు కాదు; "ఇన్ని రెట్లు" అని రాయకుండా కొలత గీత పెట్టండి, ఎందుకంటే పత్రికలో బొమ్మ చిన్నదవుతుంది, గీత దానితోపాటే చిన్నదవుతుంది.

ఏ పత్రిక అన్నది చివరి ప్రశ్న, చాలామంది మొదట అడిగేది అదే. మన దేశంలో ఆవృతబీజ వర్గీకరణ సంఘం వారి రీడియా, భారత వృక్ష సర్వేక్షణ వారి నెలంబో, కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ థ్రెటెండ్ టాక్సా ఉన్నాయి. బయట ఫైటోటాక్సా, క్యూ బులెటిన్, నార్డిక్ జర్నల్ ఆఫ్ బోటనీ ఉన్నాయి. ఫైటోకీస్ వంటి ఉచితంగా చదివించే పత్రికలు రచయిత దగ్గర రుసుము తీసుకుంటాయి, అందులో మోసం లేదు. మోసం వేరే చోట ఉంది: మూడు రోజుల్లో అచ్చువేస్తామని ఈ-మెయిల్ పంపేవారు. నియమావళి పత్రిక నాణ్యతను చూడదు. ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉన్న పీడీఎఫ్‌గా వస్తే 2012 నుంచి అది ప్రచురణే. కాబట్టి చెత్త పత్రికలో వచ్చిన, మీరు మొక్కకు పెట్టిన పేరు, అందులోని తప్పులతో సహా, మీ తర్వాతి తరాల నెత్తిన శాశ్వతంగా ఉంటుంది. యూజీసీ తన కేర్ జాబితాను (ఆమోదించిన పత్రికల జాబితాను) 2025 ఫిబ్రవరిలో ఆపేసింది గనుక, ఫలానా జాబితాలో ఉందన్న మాట కూడా ఇప్పుడు ఆసరా కాదు. ఆ పత్రిక గత రెండేళ్ల సంచికల్లో మీరు నమ్మే వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఎవరు రాశారో చూసి నిర్ణయించుకోండి. మీ పత్రానికి నా ఓటు రీడియాకు, ఎందుకంటే ఈ ప్రజాతిని చేత్తో తాకి చూసిన సమీక్షకులు అక్కడ దొరుకుతారు.

సమీక్షలు వచ్చాక ప్రతి మాటకూ విడివిడిగా, సంఖ్యలు వేసి జవాబు రాయండి. ఒప్పుకోని చోట షీటు సంఖ్యో, కొలతో చూపండి, కోపం చూపవద్దు. ప్రూఫులు వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు హోలోటైపు పేరా, జాతి పదంలోని అక్షరాలు చూడండి. మీ పేరు కూడా చూడండి: మన ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుండటంతో, విదేశీ పత్రికలు దాన్ని తారుమారు చేసి ఒకే మనిషిని ఇద్దరు రచయితలుగా నిలబెడతాయి. మొదటి పత్రం నుంచే ఒకే రూపం పట్టుకోండి.

పత్రం బయటకు వచ్చేదాకా పేరును ఎక్కడా వాడవద్దు. సిద్ధాంత గ్రంథంలో రాసినంత మాత్రాన సాధారణంగా అది ప్రచురణ కాదు, స్థానిక దినపత్రికలో వచ్చినా కాదు. కానీ ఆ వార్త చూసి ఇంకొకరు మీ కంటే ముందు అదే మొక్కకు వేరే పేరు ప్రచురిస్తే అడ్డుకునే మార్గం లేదు. మీ విభాగం వాట్సాప్ బృందంలో పెట్టిన ఫొటో కింద ఉన్న పేరును ఈ రాత్రే తీసేయండి. కృతజ్ఞతల పేరాలో కుల సచివుల దాకా పదకొండు మందిని రాశారు గానీ, గడ్డను చూపిన మేకల కాపరి పేరు కనిపించలేదు. ఆయన అనుమతి అడిగి ఆయన పేరును, ఆయన ఆ గడ్డను ఏమని పిలుస్తారో ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా చేర్చండి. ఆ మాట మీ దగ్గర రాసి లేకపోతే, వచ్చే జూన్‌లో పూలు విచ్చే వేళకు మళ్లీ వెళ్లి అడగండి. అదే ప్రయాణంలో కరోనా కొలతలు కూడా పూర్తవుతాయి.